ఎడమ అద్దం చెప్పే అబద్ధం

సంపాదకుడికి,

అయ్యా,

పదో తరగతి పిల్లలకు పాతికేళ్లు గోళాకార దర్పణాల పాఠం చెప్పి రిటైరైన వాడిని. కుంభాకార దర్పణం, అంటే బయటికి ఉబ్బిన వంపు అద్దం, ఎక్కడ వాడతారంటే ‘వాహనాల పక్క అద్దాల్లో’ అని క్లాసంతా ఒక్క గొంతుతో చెప్పేది. ఎందుకంటే ‘ఎక్కువ మేర కనిపిస్తుంది’ అనేవారు. మార్కులు వేసేవాడిని. బొమ్మ చిన్నదైతే డ్రైవరు ఏమనుకుంటాడని మాత్రం నేనెప్పుడూ అడగలేదు.

నిరుడు ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాను. నేర్పిన కుర్రవాడు చెయ్యి తిరిగినవాడే. కానీ ‘అద్దంలో బండి చిన్నగా ఉంటే దూరంగా ఉన్నట్టే సార్, తిప్పేయండి’ అన్నాడు. నెల తిరక్కుండా ఎడమ సందులోకి అలాగే తిప్పాను. అద్దంలో అగ్గిపెట్టెంత కనిపించిన స్కూటరు మరుక్షణం నా తలుపు పక్కనుంది. హ్యాండిల్ గీసుకుపోయింది. ఆ అబ్బాయి కాలు ఆనించి నిలదొక్కుకున్నాడు గనుక సరిపోయింది. ‘చూసుకోవద్దా పెద్దాయనా?’ అన్నాడు. చూసుకునే తిప్పాను మరి!

ఇంటికొచ్చి లెక్క వేశాను. అద్దం ఎంత వంపు తిరిగిందో చెప్పే వక్రతా వ్యాసార్థం 1.2 మీటర్లు, స్కూటరు దానికి 9 మీటర్ల వెనక ఉందనుకుందాం. కంటికి 70 సెంటీమీటర్ల దూరంలో ఉండే కుడి అద్దంలో, బొమ్మ సైజును బట్టి అది దాదాపు 20 మీటర్ల అవతల ఉన్నట్టు తోస్తుంది. 130 సెంటీమీటర్ల దూరంలో ఉండే ఎడమ అద్దంలోనైతే దాదాపు 30 మీటర్లు! మన ఊళ్లలో సందు దొరికితే బైకులు దూరేదీ ఆ వైపే. లోపలి అద్దం సాధారణంగా సమతలం, దూరం విషయంలో ఇంత మోసం చేయదు. రెండూ చూసి పోల్చుకోవాలని నాకెవరూ చెప్పలేదు.

అమెరికాలో డ్రైవరు వైపు అద్దం సమతలంగా ఉండాలని నిబంధన. రెండో వైపు వంపు అద్దం పెడితే దాని మీద హెచ్చరిక రాయాలి. మన కార్లకు సాధారణంగా రెండూ వంపువే. వంపు తీసేయమని నేననడం లేదు. సమతల అద్దంలో అంత మేర కనిపించాలంటే తలుపుకు బీరువా అద్దం తగిలించాలి. నా కారు అద్దం మీదా హెచ్చరిక ఉంది, ఇంగ్లిష్‌లో, చీమ తలకాయలంత అక్షరాల్లో.

‘వాహనం అద్దంలో కనిపించే దానికంటే దగ్గరగా ఉంటుంది’ అని తెలుగులో అతికించేలా రవాణా శాఖ చూడాలి. లెర్నర్ లైసెన్సు పరీక్షలో దీనిపై ఒక ప్రశ్న తప్పక అడగాలి. డ్రైవింగ్ స్కూళ్లు మొదటి రోజునే కారు ఆపి, వెనక ఒక మనిషిని నిలబెట్టి, అద్దంలో ఒకసారి, తల తిప్పి ఒకసారి చూపించాలి. ఐదు నిమిషాల పని.

– విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, గుంటూరు