సగటు దిగుబడి ఒక్కటే చాలదు: విత్తన రకాల కమిటీ అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు నమస్కారం.

రాసిన ఉత్తరాలకు జవాబు రాకపోవడంతో ఈ విషయాన్ని అందరి ముందూ పెడుతున్నాను.

వర్షాధార గోధుమ రకాలను మీ కమిటీ ప్రధానంగా సగటు దిగుబడి చూసి సిఫారసు చేస్తోంది. వానలు బాగా పడిన ఏడాది విరగపండి, పూత దశలోనో గింజ పాలుపోసుకునేటప్పుడో బెట్ట తగిలితే దెబ్బతినే రకానికి కూడా సగటు ఘనంగానే కనిపిస్తుంది. రైతు సగటు మీద బతకడు. ఒక్క పంట పోతే అప్పు మిగులుతుంది, మళ్లీ విత్తనానికే డబ్బుండదు. ఆ టెన్షన్ ఇంటిల్లిపాదిదీ.

మంచి ఏడాదైనా చెడ్డ ఏడాదైనా ఒక రకం దిగుబడి ఎంత నిలకడగా ఉంటుందో కొలిచే పద్ధతిని 1966లోనే ఎబర్‌హార్ట్, రసెల్ అనే పంట శాస్త్రవేత్తలు చూపించారు.

దయచేసి ప్రతి రకానికీ వర్షాధార పరీక్షల దిగుబడులను కేంద్రాలవారీగా, ఏడాదులవారీగా, కరువు ఏళ్ల అంకెలతో సహా, వచ్చే విత్తే కాలానికి ముందే బయటపెట్టండి. అప్పటిదాకా కొత్త సిఫారసులు ఆపండి.