మా నల్లగొండ నీళ్ల మీదికి నెట్టకండి

ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: మీరు అమ్మిన బాల్కనీ కూరగాయల కిట్‌లోని లోపాలు, వాటికి మీ కస్టమర్ కేర్ ఇచ్చిన జవాబు గురించి.

అయ్యా,

మీ వెబ్‌సైట్‌లో కొన్న కిట్ గురించి మేం ఇదివరకే చాట్‌లో, ఫోన్‌లో, మెయిల్‌లో చెప్పాం. మాట్లాడిన ప్రతివారూ కథంతా మొదటి నుంచి చెప్పించుకుని, తలా ఒక కారణం చెప్పారు. ఒకరు నీళ్లు ఎక్కువయ్యాయన్నారు, ఇంకొకరు తక్కువయ్యాయన్నారు. మీ ప్రాంతంలో ఎండలు ఎక్కువ కదా అని మరొకరు అన్నారు. ఆఖరి మెయిల్‌లో మాత్రం ‘మీ జిల్లా నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి మొక్కలు సరిగా రావు, ఇది మా ఉత్పత్తి లోపం కాదు’ అని రాసి ఫిర్యాదు మూసేశారు. అప్పటిదాకా పోనీలే, డబ్బులే కదా అనుకున్నాం. ఆ వాక్యం చదివాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

ముందు నీళ్ల సంగతి తేల్చుకుందాం. ఫ్లోరైడ్ గురించి నల్లగొండ వాళ్లకు బయటివాళ్లు చెప్పాల్సింది ఏమీ లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఆ నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగాం. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ పెట్టిన పేరే ‘నల్లగొండ టెక్నిక్’. ఆ నీళ్లు మనుషుల ఎముకలను ఏం చేశాయో లోకానికి తెలుసు. కానీ ఇదే జిల్లాలో రైతులు బోరునీళ్లతోనే బత్తాయి తోటలు పెంచారు, టమాట, మిరప, పుంటికూర పండించి సంతకు తెచ్చారు. మా ఊళ్లో ఏ మొక్క బతకకపోయినా ఫ్లోరైడే కారణమని హైదరాబాద్ అవతల కూర్చున్న మీకు ఎవరు చెప్పారో గానీ, మాకు అది జవాబులా కాదు, సాకులా వినిపించింది.

పైగా మేం కుండీలకు పోసేది అసలు బోరునీళ్లు కాదు. మున్సిపాలిటీ నల్లా నీళ్లు, అంటే పానగల్లు ఉదయసముద్రం మీదుగా వచ్చే కృష్ణా నీళ్లు. ఈ మాట ఫోన్‌లో చెప్పాం. మీవాళ్లు రాసుకోలేదు.

ఎండ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. రోహిణి కార్తెలో కొత్తిమీర విత్తేంత అమాయకులం కాదు. మృగశిర వెళ్లి, నాలుగు వానలు పడి, గాలి చల్లబడ్డాకే విత్తనాలు పెట్టాం. మా బాల్కనీ తూర్పు ముఖం. పొద్దున పదకొండు దాటితే నీడే.

అసలు తేడా ఎక్కడుందో మీ కిట్టే చెప్పింది. మీ కొబ్బరి పొట్టు దిమ్మె, వర్మీకంపోస్టు కలిపి నింపిన సంచుల్లో మెంతులు మొలకెత్తి, రెండాకుల దగ్గరే అంచులు మాడి పడిపోయాయి. కొత్తిమీర అసలు పైకే రాలేదు. టమాట నారు పసుపు తిరిగింది. పాలకూర ఒక్కటే కాస్త నిలబడింది. దాని పక్కనే పాత ప్లాస్టిక్ బకెట్లో, ఎర్రమట్టిలో పశువుల ఎరువు కలిపి, కిరాణం కొట్లో కొన్న ధనియాలను చేత్తో నలిపి చల్లాం. బాల్కనీ అదే, నీళ్లు అవే, పోసే చెయ్యి అదే. ఆ బకెట్ నిండా కొత్తిమీర వచ్చింది. అవే ధనియాలను మీ పొట్టులో చల్లితే రాలేదు. నీళ్లదే తప్పయితే బకెట్ కూడా ఖాళీగా ఉండాలి కదా!

పాలకూర ఎందుకు బతికిందో ఆలోచిస్తే చిక్కు విడింది. అది బీట్‌రూట్ జాతి మొక్క. ఉప్పును బాగా ఓర్చుకుంటుంది. మెంతికి, కొత్తిమీరకు అంత ఓర్పు లేదు. ఇంట్లో తాగేనీళ్లలో ఎంత లవణం కరిగి ఉందో చూసుకునే టీడీఎస్ మీటరు ఉంది (మా ఊళ్లో అది థర్మామీటరు లాంటి వస్తువే). నల్లా నీళ్లలో పెడితే మూడు వందలు దాటలేదు. మీ దిమ్మెలో ఓ ముక్క అవే నీళ్లలో నానబెట్టి, వడగట్టిన నీళ్లలో పెడితే రెండు వేలు దాటింది. ఈ రెండు రీడింగుల ఫోటోలు మీ మెయిల్‌కు పంపాం. వాటి గురించి ఇప్పటికీ ఒక్క ముక్క జవాబు లేదు.

కొబ్బరి పొట్టు గురించి మీకు తెలియనిది కాదు, అయినా చెబుతాను. కొబ్బరికాయ డొక్కల (పై తొక్కల) నుంచి పీచు తీసేటప్పుడు రాలే పొడే ఈ పొట్టు. కొబ్బరి డొక్కలోనే సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. తీరప్రాంతంలో ఉప్పునీళ్లలో డొక్కలు నానబెడితే ఇంకా చేరతాయి. అందుకే మంచి తయారీదారులు పొట్టును మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే దిమ్మె కొడతారు. నర్సరీవాళ్లు దిమ్మె కొనేటప్పుడు మొదట అడిగేది ‘లో ఈసీనా, హై ఈసీనా’ అని. ఈసీ అంటే ఉప్పు ఎంతుందో చెప్పే కొలత. అంటే కడిగిందా, కడగనిదా అని అడగడమే. ఈసీ ఎక్కువున్నది అమ్మడం నేరమేమీ కాదు, ధర తక్కువ ఉంటుంది, కొన్నవాళ్లు కడుక్కుంటారు. కానీ మీ దిమ్మె కవరు మీద ఈసీ ఎంతో లేదు, కడగమని లేదు. ‘నానబెట్టి నేరుగా నింపండి’ అని ఉంది. బాల్కనీలో మొదటిసారి మొక్కలు పెంచేవాళ్ల కోసమని ప్రకటన వేసిన కిట్‌లో ఈ ఒక్క వాక్యం రాయకపోవడం చిన్న పొరపాటు అనుకోలేను.

ఆ పొట్టును తర్వాత మేమే టబ్బులో వేసి, మీటరు దిగేదాకా నీళ్లు మార్చి మార్చి కడిగాం. కడిగిన పొట్టులో మెంతికూర మాడకుండా వచ్చింది. నీళ్లు మాత్రం ఆ కృష్ణా నీళ్లే.

ఇప్పుడు సంచులు. మీ పేజీలో ‘12 x 12 అంగుళాల గ్రో బ్యాగ్, టమాట, వంకాయలకు సరిపోతుంది’ అని ఉంది. వచ్చిన పాలిథిన్ సంచిని బల్ల మీద పరిచి కొలిస్తే వెడల్పు సరిగ్గా 12 అంగుళాలే. అబద్ధం లేదు. కానీ మట్టి ఎవరూ పరిచిన సంచిలో పోయరు. నింపి నిలబెడితే అది గుండ్రంగా అవుతుంది, చుట్టుకొలత 24 అంగుళాలు, అడ్డంగా చూస్తే ఏడున్నర అంగుళాల పైచిలుకు మాత్రమే. 12 అంగుళాల అడ్డుకొలత, 12 అంగుళాల ఎత్తు ఉన్న కుండీలో 22 లీటర్ల మట్టి పడుతుంది. మీ సంచిలో తొమ్మిది లీటర్లు పట్టడం కష్టం. అంటే సగం కూడా కాదు. కొత్తిమీర, పుదీనా, తోటకూర లాంటివాటికి అది చాలు, ఒప్పుకుంటాను. టమాట చెట్టుకు ఇరవై లీటర్ల దాకా ఉంటేనే వేరు నిలదొక్కుకుంటుంది. తొమ్మిది లీటర్లలో పెట్టిన టమాట పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికే తాగేసి వాలిపోతుంది. అప్పుడు మీవాళ్లు ‘నీళ్లు తక్కువ పోశారు’ అంటారు.

కొలత ఇలా పరిచి చెప్పడం అందరూ చేసేదేనని మీ ఉద్యోగి ఒకరు ఫోన్‌లో అన్నారు. అందరూ చేస్తే పరిచిన కొలత అని పక్కన రాయడానికి ఏమైంది? ‘మట్టి ఇన్ని లీటర్లు పడుతుంది’ అని ఒక్క అంకె వేస్తే ఏ గొడవా ఉండదు. సంచుల్లో కొన్నింటి అడుగున అతుకు కూడా విడిపోయింది, కింది ఫ్లాట్ వాళ్లు ఆరేసిన బట్టల మీద బురదనీళ్లు కారి మేం మాటలు పడ్డాం. అదంతా ఇక్కడ రాయను.

విత్తనాల దగ్గర మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. ప్యాకెట్ మీద ‘ప్యాక్ చేసిన నెల’ అని ఒక స్టిక్కర్ ఉంది. అది కాస్త లేచి ఉంటే గోటితో తీశాను. కింద ఇంకో నెల, ఇంకో సంవత్సరం ముద్రించి ఉన్నాయి. ఫోటో జత చేస్తున్నాను. మొలకశాతం, పరీక్షించిన తేదీ ఎక్కడా లేవు. 1966 విత్తన చట్టం కింద ఎరువుల దుకాణంలో రైతు కొనే ప్యాకెట్ మీద ఇవన్నీ ఉంటాయి. టమాటకు కనీసం 70 శాతం, బెండకు 65 శాతం మొలక ఉండాలన్నది ప్రమాణం. మీ టమాట, బెండ విత్తనాలను తడిగుడ్డలో మూటకట్టి చూస్తే సగం కూడా మొలవలేదు. గుడ్డలో పొట్టూ లేదు, ఉప్పూ లేదు, కాబట్టి ఇది వేరే లోపం. రైతుకు అమ్మేటప్పుడు ఉండే భయం బాల్కనీలో పెంచుకునేవాళ్లకు అమ్మేటప్పుడు ఎందుకు ఉండదు? పదెకరాలు ఎండితే రైతు దుకాణం ముందు కూర్చుంటాడు, మేమైతే మా చెయ్యి మంచిది కాదనుకుని ఊరుకుంటాం, అదే మీ ధైర్యమని నా అనుమానం.

మా అత్తమ్మ పల్లెలో సొంతంగా విత్తనం కట్టుకుని వ్యవసాయం చేసిన మనిషి. కిట్ వచ్చిన రోజే పెట్టె చూసి, ‘మన్ను గూడ కొనవడితిరి?’ అని నవ్వింది. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఎర్రమట్టి బరువు ఎక్కువని, పొట్టు తేలికని నేనే నచ్చజెప్పాను. ఆ మాట ఇప్పటికీ నిజమే. తేలికపాటి మిశ్రమం అపార్ట్‌మెంట్‌కు కావాల్సిందే. అందుకే మీలాంటి సంస్థలు నిజం రాసి అమ్మాలి.

వాపసు అడిగితే ‘ప్యాకెట్ విప్పాక తీసుకోం’ అన్నారు. విప్పకుండా విత్తనం ఎలా మొలకెత్తించాలో కూడా ఆ నియమంలోనే రాసి ఉంటే బాగుండేది.

మాకు కావాల్సింది ఇది: సంచులు, విత్తనాల డబ్బు మా ఖాతాకు తిరిగి రావాలి. ఫ్లోరైడ్ కారణమన్న మీ మెయిల్‌ను తప్పని ఒప్పుకుంటూ రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి, లేదా మా నీళ్లు, మీ పొట్టు రెండూ ల్యాబ్‌లో పరీక్ష చేయించి కాగితం పంపాలి. దిమ్మె మీద ఈసీ ఎంతో, సంచి మీద ఎన్ని లీటర్లు పడతాయో ఇకముందు ముద్రించాలి. పాత తేదీ మీద స్టిక్కర్ ఎవరు, ఎందుకు అంటించారో తెలియజేయాలి.

ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందిందని మీరు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. లేకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పి, ఆ తర్వాత నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాం. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు కూడా లేదు. బిల్లు, ఫోటోలు, మీ మెయిళ్ల కాపీలు, స్టిక్కర్ తీసిన ప్యాకెట్ భద్రంగా ఉన్నాయి.

సంచులు ఉతికి మడిచి పెట్టాం, మీ కొరియర్ వాళ్లు ఎప్పుడొచ్చినా తీసుకెళ్లొచ్చు. పొట్టు మాత్రం కడిగి వాడుకుంటున్నాం, వర్మీకంపోస్టు కూడా వాడేశాం. వాటి ధర మినహాయించుకునే మిగతా డబ్బు పంపండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
నల్లగొండ