ఆ రసీదు ఎందుకో చెప్పండి: శ్రీకాకుళం కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

నాకు డెబ్బై ఆరేళ్లు. మాది ఉద్దానం. 1967 అక్టోబరు 31న లేవిడిలో భూస్వాముల మనుషులు గిరిజన పోరాటంలో ఉన్న కోరన్న, మంగన్నలను కాల్చి చంపాక మా అన్నయ్య ఆ పోరాటంలో చేరి కొండల్లోకి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

మా ఆయన బడిపంతులు. రాత్రిళ్లు ట్యూషన్ అని వెళ్లేవారు. నమ్మాను.

పోయినేడు ఆయన పోయాక ట్రంకుపెట్టె అడుగున అన్నయ్య రాసిన చీటీలు దొరికాయి. ‘బావా, బియ్యం అందాయి. చెల్లికి చెప్పకు’ అని. వాటి కిందే, పోలీసుల దగ్గర డబ్బు తీసుకున్నట్టు ఆయన సంతకంతో రసీదు. అన్నం పంపిన చేతే పట్టిచ్చిందా? లేక నన్ను, పిల్లల్ని కాపాడుకోవడానికి పోలీసులకు ఏదో ఒకటి చెప్పి పంపేసేవారా? యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషి. ఇప్పుడు ఫొటోకి దండ వెయ్యాలన్నా చెయ్యి రావడం లేదు.

ఎవరి మీదా కేసు వద్దు. ఆనాటి కాగితాలు మిగిలుంటే ఒక్కసారి చూడనివ్వండి. అన్నయ్య ఎక్కడ పడిపోయాడో ఆ చోటు చూపించండి.