ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయాలో కూడా చెప్పండి సార్

ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి ఛైర్మన్ గారికి నమస్కారం.

డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టడం మంచి ఆలోచన. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత మరో రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టర్. పిల్లలు చదువుతూనే తమ దారి చూసుకోవచ్చు.

కానీ మాలాంటి చిన్న ఊళ్లో బీకాం పిల్లలను చేర్చుకునేదెవరు? మా అమ్మాయి స్నేహితురాళ్లు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. రోజూ చేసిన పని రాయాల్సిన లాగ్‌బుక్ అంతా ఒక్క రాత్రిలో నింపేశారు, అనుమానం రాకుండా రెండు రంగుల పెన్నులతో! వాళ్లను తప్పుపట్టి ఏం లాభం?

మా వీధిలోనే ఆడిటర్ ఆఫీసుంది. నెలనెలా జీఎస్టీ రిటర్నులు, అంటే 11లోపు అమ్మకాల వివరాలతో జీఎస్టీఆర్-1, 20లోపు పన్ను లెక్కతో 3బీ వేయాలని అక్కడ హడావుడి. రెండు నెలలు కూర్చుంటే ఇన్‌వాయిస్ చూడడం, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు వేయడం వచ్చేస్తాయి. ఆయన్ను అడిగినవాళ్లే లేరు.

మండలానికో జాబితా తయారు చేయించండి: ఆడిటర్లు, సహకార సంఘాలు, రైస్ మిల్లులు, ల్యాబులు. దాన్ని మొదటి సెమిస్టర్‌లోనే నోటీసు బోర్డులో పెట్టించండి. ఒక్కో లెక్చరర్‌కు కొందరు పిల్లలను అప్పగించి, మూడేళ్లూ ఆ పిల్లల ఇంటర్న్‌షిప్ గురించి ఆ లెక్చరర్‌నే అడగండి. ఈ వేసవిలోపే చేయగలరా?

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి