రెండు ఎడమ అద్దాలు, పదకొండు ఫోన్లు, ఒక్క జవాబూ లేదు

హనుమకొండ
ఆగస్టు 1

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: జూన్ 11న నాకు అందిన సైడు అద్దాల జత, ఆ తర్వాత ఏడు వారాలుగా మీ సంస్థ నాతో వ్యవహరించిన తీరు.

అయ్యా,

ఈ లేఖను కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఫోనులో చెప్పింది మీ దగ్గర ఎవరూ వినలేదు, ఈమెయిల్‌లో రాసింది ఎవరూ చదవలేదు. కాగితమైతే ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోవాలి, కవరు విప్పాలి.

నేను మీ దగ్గర కొన్నది నా శాన్ స్టార్మ్ కారుకు ఒక జత సైడు అద్దాలు. పెట్టె మీద కుడి ఒకటి, ఎడమ ఒకటి అని ముద్రించి ఉంది. తెరిస్తే రెండూ ఎడమవైపువే. ప్యాకింగ్ చేసిన వారి చెయ్యి పొరబడింది, అంతే. నేను 31 ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. తప్పులు దిద్దుతూనే బతుకంతా గడిపాను కాబట్టి, ఒక పొరపాటు మీద నాకు కోపం రాదు. నా కోపమంతా ఆ తర్వాత జరిగినదాని మీద.

పెట్టె వచ్చిన రోజే ఫోను చేశాను. పద్నాలుగు నిమిషాలు పాట వినిపించాక ఒక అమ్మాయి పలికింది. మర్యాదగానే మాట్లాడింది. ఫొటోలు పంపమంది. అద్దాలు రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, అవి ఒకే వైపువని చిన్న పిల్లలకు కూడా అర్థమయ్యేలా ఆరు ఫొటోలు తీసి పంపాను. మూడు రోజుల తర్వాత మీ దగ్గరి నుంచి సందేశం వచ్చింది: ‘మీ సమస్య పరిష్కరించబడింది.’ ఆ సందేశం చూసి, కుడి అద్దం బయలుదేరిందనుకుని రెండు రోజులు గేటు దగ్గర కొరియర్ కోసం ఎదురుచూశాను. ఏమీ రాలేదు. పరిష్కారం మీ కంప్యూటర్‌లో మాత్రమే జరిగింది.

మళ్లీ ఫోను చేశాను. ఈసారి పలికిన అబ్బాయి నా మాట పూర్తి కానివ్వకుండా ‘అద్దం పగిలిందా, అందలేదా, వద్దనుకుంటున్నారా?’ అని అడిగాడు. పగలలేదు, అందింది, కావాలి, కానీ రెండూ ఎడమవే వచ్చాయి అన్నాను. తన దగ్గర ఆ మూడు గడులే ఉన్నాయని, వాటిలో ఒకటి చెబితేనే ఫిర్యాదు ముందుకు వెళుతుందని అన్నాడు. పగిలిందని రాయమంటారా అని కూడా అడిగాడు. అబద్ధం రాయవద్దు అన్నాను. ఆ ఫిర్యాదు అక్కడే ఆగిపోయింది. నిజం చెప్పినవాడి ఫిర్యాదు ఆగిపోయేలా, అబద్ధం ఆడినవాడిది కదిలేలా మీరు మీ పద్ధతిని తయారు చేసుకున్నారని ఆ రోజే అర్థమైంది.

మూడో ప్రతినిధి నా కారు పేరు అడిగాడు. చెప్పాను. ‘మా జాబితాలో ఆ కారు లేదు సార్’ అన్నాడు. 1998లో మన దేశంలో మార్కెట్‌లోకి వచ్చిన చిన్న ఓపెన్ కారు అది. రెండే సీట్లు, ఫైబర్ బాడీ, 1149 సీసీ రెనో ఇంజిను. తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది కాబట్టి దాని అసలు అద్దాలు దొరకడం కష్టం. అందుకే ఏ కారుకైనా సరిపడతాయని మీరు అమ్మే అద్దాలు కొన్నాను. ఇదంతా ఓపికగా చెప్పాక ఆయన అన్న మాట ఇది: ‘అంత పాత బండికి అద్దం లేకపోతే ఏమవుతుంది సార్?’

ఏమవుతుందో మీకు చెబుతాను, ఎందుకంటే మీ సంస్థలో ఎవరూ అడగలేదు. నా కారు నేలకు ఆనుకున్నట్టు ఉంటుంది. అందులో కూర్చుంటే లారీ చక్రం నా భుజం ఎత్తున కనిపిస్తుంది. మా ములుగు రోడ్డు మీద గోదావరి ఇసుక లారీలు పగలూ రాత్రీ తిరుగుతాయి. పైకప్పు వేస్తే వెనుక ప్లాస్టిక్ కిటికీ మసక, లోపలి అద్దంలో ఏమీ కనిపించదు. మన దేశంలో దాటి వెళ్లే బండి మామూలుగా కుడివైపు నుంచే వస్తుంది. అంటే నాకు లేనిది ఏ అద్దమో, ప్రాణం ఆధారపడింది కూడా ఆ అద్దం మీదే. జూన్ నెలాఖరున నేనూ నా భార్యా రామప్ప గుడికి బయలుదేరి ఆత్మకూరు దాటాక, ముందున్న ట్రాక్టరును తప్పించబోయి కుడికి తిరిగాను. పక్కనే ఒక మోటారు సైకిల్, దాని మీద తండ్రీ, ముందు కూర్చున్న పిల్లవాడూ. జానెడు దూరంలో తప్పిపోయింది. అక్కడి నుంచే వెనక్కి తిరిగి వచ్చేశాం. ఆ రోజు నుంచి మెకానిక్ దగ్గరికి తప్ప కారు కవరు కింద నుంచి బయటకు రాలేదు. నా భార్య దానిలో కూర్చోనంటుంది, నేను ఆమెను కూర్చోమని అడగను కూడా.

నాలుగో ఫోనులో నాకు ఇచ్చిన సలహా, అద్దాన్ని తలకిందులుగా బిగించుకోమని. మీ సంస్థ అద్దాలు అమ్ముతుంది కాబట్టి దీని గురించి కొంచెం చెప్పాలి. ఎడమ అద్దాన్ని ఉన్నది ఉన్నట్టు కుడి తలుపుకు తిప్పి పెడితే దాని ముఖం వెనక్కి కాదు, ముందుకు చూస్తుంది. తలకిందులు చేస్తే ముఖం వెనక్కే ఉంటుంది, కానీ పీఠం వాలు తలుపు వాలుకు ఎదురు తిరుగుతుంది. అద్దాన్ని పట్టి ఉంచే డొప్ప అడుగున నీళ్లు కారిపోవడానికి పెట్టిన రంధ్రం ఆకాశం వైపు తిరుగుతుంది. మొదటి వానకే డొప్ప నిండుతుంది. పైగా అది కుంభాకార దర్పణం. వస్తువును చిన్నదిగా చూపిస్తుంది, అందువల్ల వెనుక బండి ఉన్నదానికంటే దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది. సరిగ్గా బిగించిన అద్దంలోనే దూరం అంచనా తప్పే ప్రమాదం ఉంటే, వంకరగా నిలబెట్టిన అద్దాన్ని నమ్మి నేను లేన్ మారాలా? ఈ సలహా ఇచ్చిన మనిషిని నేను తప్పు పట్టను. ఆయనకు అద్దం గురించి ఎవరూ చెప్పలేదు. తెలియనివారిని ఫోను దగ్గర కూర్చోబెట్టినవారిని తప్పు పడుతున్నాను.

అయిదో ప్రతినిధి తేల్చి చెప్పింది: ‘ఒక అద్దం బిగించి, రెండోది బిగించడం కుదరలేదని చూపిస్తూ ఫొటో పంపండి, వెంటనే కుడి అద్దం పంపిస్తాం.’ మాట నమ్మాను. కారును ఆటోనగర్‌లో మా మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లాను. ఫైబర్ తలుపుకు అద్దం బిగించడం ఇనుప తలుపుకు బిగించినంత తేలిక కాదు. రంధ్రం చేసేచోట టేపు అంటించి, డ్రిల్లును నెమ్మదిగా తిప్పాలి. తలుపు లోపలివైపు వెడల్పాటి అల్యూమినియం పట్టీ వేసి, బయట పీఠం కింద రబ్బరు పెట్టి బిగించాలి. లేకపోతే బోల్టు చుట్టూ సాలెగూడులా పగుళ్లు వస్తాయి. అతను సగం రోజు ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాడు. ఎడమ అద్దం చక్కగా కూర్చుంది. ఇంజిను అదురుకు కూడా కదలడం లేదు. మీ వస్తువు మంచిదేనని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ఫొటోలు పంపాను.

వచ్చిన జవాబు: ‘వస్తువును వాహనానికి బిగించినందువల్ల మార్పిడికి అర్హత లేదు.’

ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. మీరే బిగించమన్నారు. నేను బిగించాను. బిగించావు కాబట్టి పో అన్నారు. నా దగ్గర చదివిన విద్యార్థి ఎవరైనా ఇలా మాట మార్చి ఉంటే, వాళ్ల నాన్నను పిలిపించేవాణ్ణి.

అప్పటికీ నేను వదిలిపెట్టలేదు. రెండో అద్దం బిగించలేదు కదా, అది పెట్టెలోనే ఉంది కదా, దాన్నైనా తీసుకుని కుడిది ఇవ్వండి అన్నాను. అది సబబేనని ఆరో ప్రతినిధి ఒప్పుకున్నాడు. కానీ మా 506001 పిన్ కోడుకు వెనక్కి తీసుకునే సదుపాయం లేదట. అదే పిన్ కోడుకు పెట్టె తెచ్చి ఇవ్వడానికి మాత్రం సదుపాయం ఉంది. డబ్బు తీసుకునేటప్పుడు హనుమకొండ మీ పటంలో ఉంది, తప్పు దిద్దుకునేటప్పుడు లేదు. హైదరాబాద్‌లో మా కేంద్రానికి స్వయంగా తెచ్చి ఇస్తే అక్కడికక్కడే మార్చి ఇస్తామని చెప్పి చిరునామా పంపాడు.

వెళ్లాను. జూలై 9న కాజీపేటలో తెల్లవారుజామున రైలెక్కి, అద్దాన్ని తువ్వాలులో చుట్టి ఒడిలో పెట్టుకుని సికింద్రాబాద్‌లో దిగాను. రెండు బస్సులు మారి మీరు ఇచ్చిన చిరునామాకు చేరాను. అది గోదాము. గేటు దగ్గరి కాపలాదారు తప్ప మాట్లాడే మనిషి లేడు. ఇక్కడ సరుకు ఎక్కించడమే తప్ప వెనక్కి తీసుకోరని అతను చెప్పాడు. గేటు దగ్గర నిలబడే మీకు ఫోను చేశాను. ‘మీ ఫిర్యాదు టికెట్ నిన్ననే మూసేశాం సార్, కొత్తది తెరవమంటారా?’ అన్నారు. నేను మీ గేటు దగ్గరే ఉన్నాను, లోపలి నుంచి ఒక్క మనిషిని బయటకు పంపండి అని బతిమాలాను. ఫోను కట్టయింది. రెండు గంటలు ఆ రేకుల కింద కూర్చున్నాను. కాపలాదారు తన కుర్చీ ఇచ్చాడు, మంచినీళ్లు ఇచ్చాడు, తన టిఫిన్‌లో సగం తినమన్నాడు. ఏడు వారాల్లో మీ సంస్థ తరఫున నన్ను మనిషిలా చూసినవాడు అతనొక్కడే. అతనికి మీరు జీతం పెంచాలని ఈ లేఖలో కోరుతున్నాను. ఇది మాట వరసకు అంటున్నది కాదు.

సాయంత్రం అద్దంతోనే తిరిగి వచ్చాను. ఇల్లు చేరకముందే మీ సందేశం వచ్చింది, ఈ రోజు సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని.

నేను మీకు కొత్తవాణ్ణి కాదు. 2014 నుంచి మీ దగ్గర కొంటున్నాను. వైపర్లు, తలుపు రబ్బర్లు, ఇండికేటర్ గ్లాసులు, బ్రేకు ప్యాడ్లు, పైకప్పు క్లిప్పులు అన్నీ మీ దగ్గరివే. పాత కార్లు నడిపే మా మిత్రులకు మీ పేరు చెప్పింది నేను. ఆటోనగర్‌లో మా మెకానిక్ మీ ఖాతా తెరిచింది నా మాట మీద. ఇప్పుడు అతను ‘సార్, మీకే ఇలా చేస్తే మాకెవరు దిక్కు?’ అని అడుగుతున్నాడు. పదేళ్లు దాటిన నమ్మకాన్ని మీరు ఒక అద్దం దగ్గర పోగొట్టుకుంటున్నారు. అద్దం ఖరీదు ఎంతో మీకు తెలుసు. నమ్మకం ఖరీదు మీ లెక్కల్లో ఉన్నట్టు లేదు.

మీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదుల అధికారి అని ఒక చిరునామా ఉంది. జూలై 12న ఆ చిరునామాకు అన్ని వివరాలతో ఈమెయిల్ పంపాను. ఆన్‌లైన్ అమ్మకాలకు సంబంధించి 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో దాన్ని పరిష్కరించాలి. 48 గంటలు ఎప్పుడో దాటాయి. అందింది అన్న ఒక్క ముక్క కూడా రాలేదు. ఆ అధికారి నిజంగా ఉన్నారా, లేక చిరునామా మాత్రమే ఉందా?

ఇక నాకు కావలసింది. కుడివైపు అద్దం ఒకటి నా ఇంటికి రావాలి. మీరు పంపిన రెండో ఎడమ అద్దాన్ని మీ మనిషే వచ్చి తీసుకువెళ్లాలి, నేను ఇంకెక్కడికీ మోయను. నా సికింద్రాబాద్ ప్రయాణం ఖర్చు ఇస్తారో లేదో మీ మర్యాదకు వదిలేస్తున్నాను. కానీ వీటన్నిటికంటే ముందు, ఎవరో ఒకరు తమ సొంత పేరుతో, సొంత సంతకంతో నాకు ఉత్తరం రాయాలి. ‘మీ ఫిర్యాదు చదివాను, రెండూ ఎడమ అద్దాలే అని అర్థమైంది’ అని అందులో ఉండాలి. ఆ ఒక్క వాక్యం కోసమే పదకొండుసార్లు ఫోను చేశాను. డబ్బు వెనక్కి ఇస్తామని ఫోను చేయవద్దు. డబ్బు ఇచ్చి నోరు మూయించే బేరానికి నేను రాను.

ఆగస్టు 16 వరకు చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తాను ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఈసారి రైలెక్కి రావలసింది మీరు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్ల మీద వేసే కేసులకు రుసుము లేదు, రెండేళ్ల గడువు ఉంది. నేను రిటైరైనవాణ్ణి, వాయిదాలకు తిరగడానికి నాకు తీరిక ఉంది. ప్రతి ఫోను తేదీ, సమయం, నాతో మాట్లాడినవారు చెప్పిన మాట నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. వాటి నకళ్లు, ఫొటోలు, రైలు టికెట్లు, పదకొండు ఫిర్యాదు నంబర్లు ఈ కవరులోనే ఉన్నాయి.

కార్తికమాసానికి నా భార్యను అదే కారులో రామప్పకు తీసుకువెళతానని మాటిచ్చాను. కుడి అద్దం లేకుండా బండి బయటకు తీయను.

ఇట్లు,
2014 నుంచి మీ ఖాతాదారు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు