ఆరోగ్య పరీక్షల్లో మూడు ప్రశ్నలు అడగండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నాకు యాభై ఏళ్లు నిండిన కొత్తలో ఒకరోజు తరగతిలో ప్రశ్న అడగబోతే, మూడేళ్లుగా నా ఎదుటే కూర్చుంటున్న పిల్లవాడి పేరు ఎంతకూ తట్టలేదు. చివరకు చాటుగా హాజరు పట్టీలో వెతుక్కుని పిలిచాను. ఇలాంటివి నాలుగైదు జరిగాక వైద్యుడి దగ్గరకు వెళితే, "వయసు కదమ్మా, మామూలే" అని పంపేశారు. నెలసరి ఎప్పటినుంచి తప్పుతోందో, రాత్రిళ్లు నిద్ర పడుతోందో లేదో, ఇంట్లో ఎవరికైనా మతిమరుపు జబ్బు ఉందో ఆయన అడగలేదు. మా అమ్మకు అల్జీమర్స్ ఉంది.

అల్జీమర్స్ వచ్చినవారిలో దాదాపు మూడింట రెండు వంతులు స్త్రీలే. స్త్రీలు ఎక్కువకాలం బతకడం అందుకు పెద్ద కారణమే గానీ, అదొక్కటే కారణం కాకపోవచ్చునని పరిశోధకులు రుతువిరతి (నెలసరి పూర్తిగా ఆగిపోవడం) వైపు చూస్తున్నారు. మెదడులో జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోక్యాంపస్ అనే భాగంలోని కణాలపై స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజన్ ప్రభావం ఉంటుంది. మెదడు గ్లూకోజును శక్తిగా వాడుకోవడంలోనూ దాని పాత్ర ఉంది. నెలసరి ఆగిపోయే రోజుల్లో ఆ హార్మోన్ తగ్గిపోవడానికి తోడు, వేడి ఆవిర్లు అర్ధరాత్రి లేపి కూర్చోబెడతాయి. నడివయసు స్త్రీల ఆరోగ్యంపై అమెరికాలో 1996లో మొదలైన 'స్వాన్' అధ్యయనంలో, ఈ సంధి దశలో కొత్త విషయాలు నేర్చుకోవడం మందగించినా, రుతువిరతి తర్వాత తిరిగి పుంజుకున్నట్టు కనిపించింది. ఈ ఒక్క మాట ఆరోజు నాకు చెప్పి ఉంటే, అమ్మ జబ్బే నాకూ వచ్చేసిందని నెలల తరబడి కుమిలిపోయేదాన్ని కాదు.

జన్యువుల సంగతి మరింత జాగ్రత్తగా మాట్లాడవలసినది. ఏపీఓఈ-4 అనే జన్యురూపానికీ అల్జీమర్స్‌కూ ఉన్న సంబంధం 1993లో బయటపడింది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే అది వస్తే ముప్పు రెండు మూడు రెట్లు, ఇద్దరి నుంచీ వస్తే ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు పెరుగుతుందని సాధారణంగా చెబుతారు. ఒకరి నుంచే అది వచ్చినవారిలో 65 నుంచి 75 ఏళ్ల మధ్య పురుషులకన్నా స్త్రీలకే ముప్పు ఎక్కువని 2017లో ప్రచురితమైన పెద్ద విశ్లేషణ తేల్చింది. అయినా ఆ జన్యువు ఉన్నవారందరికీ జబ్బు రాదు, లేనివారికి రాదన్న హామీ లేదు. అలాంటప్పుడు ఉమ్మి నమూనాతో చేసే ఈ పరీక్షను, ఫలితం విడమరచి చెప్పే నిపుణులు లేకుండా ఇంటికే అమ్మడం నాకు ఏమాత్రం సమంజసంగా తోచడం లేదు.

హార్మోన్ మాత్రలనూ జ్ఞాపకశక్తి మందుగా అంటగట్టకూడదు. 65 ఏళ్లు దాటాక ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్ మందు కలిపి వాడిన స్త్రీలలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముప్పు రెట్టింపైనట్టు 2003లో తేలింది; రుతువిరతి వచ్చిన కొత్తలోనే మొదలుపెట్టినవారిలో 'కీప్స్' అనే వైద్య ప్రయోగం జ్ఞాపకశక్తికి మేలూ చూడలేదు, కీడూ చూడలేదు. ఆవిర్లు తట్టుకోలేనివారు వైద్యుల సలహాతో వాడుకోవడం వేరే విషయం.

ఈస్ట్రోజన్‌ను తయారుచేసే అండాశయాలను చిన్న వయసులోనే తొలగించిన స్త్రీలకు తర్వాతి కాలంలో జ్ఞాపకశక్తి తగ్గే ముప్పు ఎక్కువని పలు అధ్యయనాలు సూచిస్తున్నాయి. గర్భసంచి ఆపరేషన్‌కు సంతకం పెట్టించుకునేటప్పుడు అండాశయాలు కూడా తీస్తున్నారో లేదో, తీస్తే ఎందుకో ఎంతమందికి చెబుతున్నారు? నలభై దాటిన స్త్రీల ఆరోగ్య పరీక్షల పత్రంలో నెలసరి ఆగిన వయసు, అండాశయాల ఆపరేషన్ వివరం, కుటుంబంలో మతిమరుపు జబ్బు చరిత్ర – ఈ మూడూ నమోదు చేయడం తప్పనిసరి చేయాలనీ, మతిమరుపు ముప్పుతో సంబంధమున్న రక్తపోటు, చక్కెర, వినికిడి పరీక్షలు వాటితోపాటే జరపాలనీ ఆరోగ్య శాఖాధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక ఉపాధ్యాయురాలు