డాబా తాళం నా దగ్గరే ఉంది

అజిత్ సింగ్ నగర్, విజయవాడ
7 సెప్టెంబర్ 2025, ఆదివారం

ఒరేయ్ బుజ్జీ,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు కులాసానా? అత్తయ్య మోకాళ్ళ నొప్పి తగ్గిందా?

"ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నా, బేరం ఏదైనా తగిలితే చూడు" అని నువ్వు పెట్టిన మెసేజ్ గురువారం చూశాను. మూడు రోజులైంది, జవాబివ్వలేదని కోపం తెచ్చుకోకు. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదనిపించింది. నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు రాసుకునేవాళ్ళం చూడు, అలా పొడుగ్గా రాద్దామని కూర్చున్నాను. బేరం చూడమంటే చూస్తాను. ఇల్లు నీది, అవసరం నీది. కాకపోతే ముందు మన వీధి సంగతులు విను.

ఇవాళ తారీకు గమనించావా? పోయినేడు సరిగ్గా ఇదే రోజు వినాయక చవితి. వీధిలో నడుంలోతు నీళ్ళు. ఆ ఆదివారం, సెప్టెంబర్ 1న, పొద్దున్న మొదలైన వరద వారం తిరిగినా దిగలేదు. పత్రి లేదు, పాలవెల్లి లేదు. మీ డాబా మీద మూలింటి మామ్మగారు గోడకి పసుపుతో బొమ్మ గీసి, పడవలో వచ్చిన బిస్కెట్ ప్యాకెట్టే నైవేద్యం పెట్టారు. ఆ రోజే కొండపల్లి దగ్గర బుడమేరు వాగు మళ్ళింపు కాలవకి పడ్డ మూడో గండిని సైన్యం వాళ్ళు పూడ్చారని కబురొచ్చింది. మామ్మగారు ఆ పసుపు వినాయకుడికి దణ్ణం పెట్టి ఏడ్చారు. ఈ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు.

అప్పుడు నువ్వు టీవీలో చూసింది ప్రకాశం బ్యారేజీ. 11.43 లక్షల క్యూసెక్కులు, గేట్లకి గుద్దుకున్న పడవలు, అవన్నీ నిజమే. కానీ మనల్ని ముంచింది కృష్ణమ్మ ఒక్కతే కాదు, బుడమేరు. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఆ నీళ్ళని పక్కకి తిప్పి కాలవ గుండా కృష్ణలో కలుపుతారు కదా. కృష్ణే నిండుగా పోటెత్తి ఉంటే ఆ నీళ్ళు తీసుకునేదెవరు? కాలవ కట్ట తెగింది, నీళ్ళు పాత దారి వెతుక్కుంటూ కొల్లేరు వైపు వెళ్ళాయి. ఆ దారిలో ఉన్నది మనం. 2005లో కూడా ఇలాగే వచ్చింది, గుర్తుందా? అప్పుడు మీ నాన్నగారు "ఈసారి కట్టేటప్పుడు మేడ కట్టాలిరా" అన్నారు. అన్నట్టే కట్టారు. ఆ మేడ మీదే పోయినేడు మేం పదిహేడు మందిమి బతికాం.

నువ్వు ఫోన్ చేసి "తాళం బద్దలుకొట్టైనా పైకెక్కండి" అన్న మాట వీధిలో ఎవరూ మర్చిపోలేదు. తాళం నా దగ్గరే ఉందిగా, బద్దలు కొట్టాల్సిన పని పడలేదు. మూడో రోజు డ్రోన్ వచ్చి మీ వాటర్ ట్యాంకు పక్కన పులిహోర పొట్లాలు దించితే, టైలర్ అన్న కూతురు చప్పట్లు కొట్టింది. రెండు రోజుల తర్వాత ఆ పిల్ల నవ్వడం అప్పుడే. పక్క సందులో అద్దెకుండే పెద్దాయనకి మాత్రం ఇన్సులిన్ అందించడానికి మాకు ఒకటిన్నర రోజు పట్టింది. ఆయన షుగర్ పేషెంటని మాకెవ్వరికీ తెలియదు. తెలిసుంటే మొదటి పడవ వచ్చినప్పుడే అడిగేవాళ్ళం. ఫ్లైఓవర్ దగ్గర మందులు పంచుతూనే ఉన్నారు మరి. ఆయన బతికారు, ఇప్పుడు బాగున్నారు. కానీ ఆ ఒకటిన్నర రోజు నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. నాలుగిళ్ళ అవతల మనిషి ఏ మందు వాడతాడో తెలియకుండా ఇరవై ఏళ్ళు బతికేశామే అని.

అందుకే రా, నీళ్ళు దిగి, ఫైరింజన్లు వచ్చి ఇళ్ళల్లో బురద కడిగి వెళ్ళాక, మేం మొట్టమొదట చేసిన పని ఒక లాంగ్ నోట్‌బుక్ కొనడం. వీధిలో ముప్పై ఎనిమిది ఇళ్ళు. ఇంటికో పేజీ. ఎంతమంది ఉంటారు, పెద్దవాళ్ళెవరు, ఎవరికి ఏ మందు, ఏది ఫ్రిజ్‌లో పెట్టాలి, ఎవరికి నెలలు నిండుతున్నాయి, బ్లడ్ గ్రూపేంటి, ఊళ్ళో చుట్టాలెవరు. అద్దెకున్నవాళ్ళ పేజీలు ముందు పెట్టాం, ఎందుకంటే వాళ్ళే మాటిమాటికీ మారతారు. దానికి ఇంకో కారణం కూడా ఉంది. కింద ఇంటికి 25,000, మేడ మీద ఇంటికి 10,000 చొప్పున సాయం ఇచ్చారు కదా. లెక్క రాసుకునేటప్పుడు అద్దెవాళ్ళ పేర్లు కొన్ని తప్పిపోయాయి. మనమైనా రాసుకుని ఉంటే చూపించేవాళ్ళం. పుస్తకం అట్ట లోపల 112, 108, విపత్తుల కంట్రోల్ రూమ్ 1070 నంబర్లు లావుగా రాయించాం. ప్రతి నెలా మొదటి ఆదివారం పేజీలు సరిచూస్తాం. అంటే ఇవాళే. పొద్దున్న ఆ పని అయ్యాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఈ నెల కొత్తగా చేరింది ఒక్క పేరు, బియ్యం కొట్టు వాళ్ళ కోడలికి ఆడపిల్ల పుట్టింది. పదకొండు రోజుల మనిషికి కూడా మన పుస్తకంలో చోటుంది.

ఆ పుస్తకం, నాలుగు లారీ ట్యూబులు, మోకులు, టార్చిలైట్లు, బ్లీచింగు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఎక్కడున్నాయో చెప్పనా? మీ డాబా మీది గదిలో. నిన్నడిగే పెట్టాం, నువ్వు "పెట్టుకోండ్రా" అన్నావు. బహుశా ఏవో పాత సామాన్లనుకుని ఉంటావు.

ఇక శుక్రవారాల కథ. ఫ్రైడే డ్రైడే అని ప్రచారం చేస్తారు చూడు, దాన్ని మన వీధి ఆడవాళ్ళు గట్టిగా పట్టుకున్నారు. దోమ గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి రెక్కలొచ్చి ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికోసారి తొట్టి, పూలకుండీ కింద పళ్ళెం, ఫ్రిజ్ వెనక ట్రే బోర్లిస్తే అది దోమ కాకముందే పోతుంది. అంత తేలికైన పని. వరద తర్వాత ఇంటింటా జ్వరాలు చూశాం కాబట్టి ఎవరికీ రెండోసారి చెప్పనక్కర్లేదు. మా ఆవిడా, మీ ఎదురింటి పిన్నిగారూ శుక్రవారం పొద్దున్నే ఒక్కో గేటూ కొట్టుకుంటూ వెళ్తారు. డెంగీ దోమ పగలు కుడుతుందని బడికెళ్ళే పిల్లలకి పొడుగు చేతుల చొక్కాలు వెయ్యమంటారు. మీ ఇంటి ముందు కొబ్బరి బొండాలు పారేస్తున్న ఆయనకి పిన్నిగారు ఎంత నెమ్మదిగా నచ్చజెప్పారో! ఇప్పుడు ఆయనే బొండాన్ని నాలుగు చెక్కలు చేసి మరీ పారేస్తున్నాడు. నీళ్ళు నిలవవు.

కాలవ పూడిక సంగతి మాత్రం అంత బాగా లేదు. అర్జీలు మూడుసార్లు ఇచ్చాం. ఒకసారి తీశారు, తీసిన మట్టి గట్టు మీదే పోశారు, వానకి మళ్ళీ లోపలికే జారింది. నాలుగో అర్జీ ఫోటోలతో సహా రెడీ చేశాను.

ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీలో ఉచితం వచ్చింది కదా, స్త్రీ శక్తి. మూలింటి మామ్మగారు ఆధార్ కార్డు కొంగున ముడేసుకుని సిటీ ఆర్డినరీ ఎక్కి, ఎన్నాళ్ళ తర్వాతో సత్యనారాయణపురంలో ఉన్న వాళ్ళ చెల్లెల్ని చూసొచ్చారు. మధ్యలో ఆటో డబ్బుల కోసం కొడుకుని అడగలేక ఊరుకున్నారట ఇన్నాళ్ళూ. జీరో టికెట్టు పర్సులో దాచుకున్నారు, నాకు తీసి చూపించారు.

ఈ ఏడు చవితి ఎలా చేశామో తెలుసా? ఆగస్టు 27న, మూడడుగుల మట్టి వినాయకుణ్ణి పెట్టాం. డీజే వద్దనుకున్నాం. చందాలో మిగిలిన డబ్బుతో పిల్లల పుస్తకాలు కొన్నాం, ఎందుకంటే వరదలో ముందు తడిసి ముద్దయినవి అవే. నిమజ్జనం వీధిలోనే, డ్రమ్ములో. ఆ మట్టి ఇంటింటికీ గిన్నెడు పంచితే తులసి కోటల్లో వేసుకున్నారు. తొంభై పైచిలుకు పుస్తకాలు పోగయ్యాయి. ఈ ఊళ్ళోనే 1911లో పెట్టిన రామ్మోహన గ్రంథాలయాన్ని, గ్రంథాలయ ఉద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్యగారు నడిపారు. అంత ఊరికి ఒక వీధి గ్రంథాలయం లెక్కలోది కాదనుకో. కానీ టైలర్ అన్న కూతురు రిజిస్టరు రాస్తోంది, అట్టలు వేస్తోంది, వారానికి రెండు పుస్తకాలు చదువుతోంది. అవి కూడా మీ గదిలోనే ఉన్నాయి. అలమర పై అరలో, నీళ్ళకి అందనంత ఎత్తున.

ఇవాళ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. పది గంటలకి కాస్త ముందే మొదలై, పదకొండింటికి చంద్రుడు పూర్తిగా నీడలోకి వెళ్తాడు. సూర్యగ్రహణంలా కాదు, మామూలు కళ్ళతోనే చూడొచ్చు. భూమి చుట్టూ ఉన్న గాలిలోంచి వంగి వెళ్ళిన ఎర్రటి వెలుగే ఆ కాసేపూ చంద్రుడి మీద పడుతుందని, అందుకే రాగి చెంబులా కనిపిస్తాడని పిల్లలకి పొద్దున నారింజపండు, టార్చి పెట్టి చూపించాను. మామ్మగారు పట్టు పాటిస్తారు, సాయంత్రమే భోజనం కానిచ్చేస్తారు. "నేను కింద జపం చేసుకుంటాను, మీరు పైన చూడండి, విడుపు స్నానానికి నీళ్ళు కాచిపెట్టండి చాలు" అన్నారు. మబ్బు అక్కడక్కడా ఉంది, చూడాలి. చూసేది మీ డాబా మీదే. సందులో అన్నిటికన్నా ఎత్తు అదే కదా.

ఇదీ సంగతి. అమ్మవద్దని చెప్పడానికి నేనెవర్ని? పిల్లాడి చదువు ఖర్చు, అత్తయ్య ఆపరేషను, నాకు తెలియనివి కావు. నా అడుగు ఒక్కటే. కొనేవాడికి చూపించే ముందు నువ్వొకసారి వచ్చి చూడు. ఈసారి దసరా ఇంద్రకీలాద్రి కొండ మీద, దుర్గమ్మ గుడిలో, పదకొండు రోజులు, 22 నుంచి అక్టోబర్ 2 దాకా. మూలా నక్షత్రం 29, సోమవారం. రద్దీ భరించగలిగితే అత్తయ్యని ఆ రోజుకి తీసుకురా, లేకపోతే ముందు రండి. మా ఇంట్లోనే ఉందురు. ఒకవేళ అమ్మడమే ఖాయమైతే, వచ్చే వానాకాలం వరకైనా పై గది మాకు ఉంచేలా కొనేవాళ్ళతో ఒక మాట రాయించు. అద్దె వీధంతా కలిసి ఇస్తాం, నిన్న మాట్లాడుకున్నాం.

గోడమీద నీటి మరక ఇంకా ఉందిరా, మీ నాన్నగారి ఫోటో మేకుకి జానెడు కింద. సున్నం వేయిస్తానంటే మీ పిన్ని వద్దంది, నువ్వు చూశాక వేయించమంది.

చాపలు పైకి చేర్చాలి, పిల్లలు అప్పుడే గేటు దగ్గర అరుస్తున్నారు. టికెట్లు తీయగానే ఏ రైలో చెప్పు, స్టేషన్‌కి బండి తెస్తాను.

నీ పక్కింటోడు